మాకేం అభ్యంతరం లేదు

ఫిబ్రవరి 9

పిచ్చుకా,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు అన్నిటికీ ఊఁ కొట్టాను గానీ ఒక్క ముక్క వినపడలేదు. చెవి మిషను పెట్టుకుంటే నీ గొంతు రేకుల మీద వాన పడ్డట్టుంటుంది, తీసేస్తే అదీ ఉండదు. నేను దేనికైనా ఒప్పేసుకుని ఉంటే లెక్కలోకి తీసుకోకు. ఇకనుంచి మేనత్తకి ఏం చెప్పాలన్నా ఉత్తరం రాయి.

ఆదివారం పేపర్లో మీ ఆఫీసువాళ్ళ సర్వే పడింది. పక్కింట్లో ముస్లింలు ఉంటే మీకేమైనా అభ్యంతరమా అని అడిగితే మా ఊళ్ళో నూటికి ఎనభై నాలుగు మంది ఏ అభ్యంతరమూ లేదన్నారట. అన్ని ఊళ్ళలోకీ మాదే ముందుందట. మా బిల్డింగు ప్రెసిడెంటు గారు, అదే, బ్యాంకులో చేసి రిటైరైనాయన, ఆ కాగితం కత్తిరించి లిఫ్టు పక్కన అతికించారు. ఆయనే చేసిన సర్వే అన్నట్టు వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చూపిస్తున్నారు. అది మా మేనకోడలు పనిచేసే చోటే అని నేనూ నాలుగిళ్ళలో చెప్పొచ్చాను.

సర్వేకి వచ్చిన అమ్మాయి మా ఇంటికీ వచ్చింది. తలకి ముసుగు కట్టుకుంది, ముస్లిం పిల్లే. ఎండన పడి వచ్చిందని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. అడిగినవాటికల్లా చెప్పాను. మా పైఇంట్లోనే ఉన్నారమ్మా, వాళ్ళకంటే మంచివాళ్ళు నాకు దొరకరు అన్నాను. అది అబద్ధం కాదు. కళ్ళద్దాల దుకాణం ఆయన, ఆయన భార్య, ఆయన తండ్రి, ముగ్గురే మనుషులు. కిందటేడు నా మణికట్టు విరిగినప్పుడు రోజూ వచ్చి నాకు జడ వేసింది ఆ అమ్మాయే. ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం, పొద్దున్నే పరుగు, అయినా ఒక్కరోజు మానలేదు.

పెద్దాయన బస్సు డ్రైవరుగా చేసి మానేశారు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది. నర్సుగా చేసిన చెయ్యి ఊరుకోదు కదా, రోజూ పైకి వెళ్ళి బీపీ చూసి వస్తాను. ఆయనకి మాట తిరగదు, నాకు చెవి వినపడదు, అయినా గంటసేపు కబుర్లు చెప్పుకుంటాం. చెప్పింది ఏమిటో ఇద్దరికీ తెలియదు గనుక ఇంతవరకు పేచీ రాలేదు.

వాళ్ళున్న ఫ్లాటుని ఓనరు అమ్మేస్తున్నాడు. వాళ్ళే కొనుక్కుందామనుకుంటున్నారు. మనవాళ్ళు ఏమంటారమ్మా అని కళ్ళద్దాలాయన నన్నడిగాడు. చెయ్యి పట్టుకుని లిఫ్టు దగ్గరికి తీసుకెళ్ళి ఆ పేపరు చూపించాను.

వేళకి తిను. పెన్ను మొరాయిస్తోంది.

అత్త

ఫిబ్రవరి 18

అత్తా,

నీ ఉత్తరం మధ్యాహ్నం ఆఫీసులో చదివాను. జడ సంగతి చదివి నవ్వుకున్నాను. తరవాతది చదివాక నవ్వు రాలేదు.

ఆ అంకె గురించి నీకు సరిగ్గా చెప్పాలి. ఇళ్ళకి వెళ్ళే పిల్లలకి ఎలా అడగాలో, ఎక్కడ ఆగాలో నేర్పించేది నేనే. మొహంలో ఏమీ కనపడనీయకూడదని అద్దం ముందు కూర్చోబెట్టి మరీ నేర్పిస్తాను. కానీ తల మీది ముసుగు కనపడుతూనే ఉంటుంది కదా. మీ వీధివైపు ఆ అమ్మాయిని పంపాం. వెనక వీధులకి ముస్లిం కాని అబ్బాయిని పంపాం. అవే ప్రశ్నలు, అదే వరస. ఆ అమ్మాయి వెళ్ళిన ఇళ్ళలో దాదాపు అందరూ అభ్యంతరం లేదన్నారు. అబ్బాయి వెళ్ళిన చోట సగంమంది కూడా అనలేదు. అతను కొన్ని ఇళ్ళు తిరిగి జ్వరంతో పడుకున్నాడు. మిగిలినవి కూడా ఆ అమ్మాయే పూర్తిచేసింది. అందుకని మీ ఊరు ముందుకొచ్చింది.

ఇంకోటి కూడా ఉంది. మీకు కాదు, మీ ఇరుగుపొరుగుకి అభ్యంతరం ఉంటుందా అని చివర్లో అడిగించాం. ఆ ప్రశ్నకి చాలామంది, ఉంటుందండీ, వాళ్ళు అలాంటివాళ్ళే, అన్నారు. అందరూ మంచివాళ్ళే అయితే ఈ అలాంటివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నట్టు? అది పేపర్లో పడలేదు. డైరెక్టరు గారి గదికి వెళ్ళి అడిగాను. ప్రశ్న అడిగాం, జవాబు రాసుకున్నాం, మనిషిని కోసి లోపల చూడటం మన పని కాదు అన్నారు. రిపోర్టు కింద నేనూ సంతకం పెట్టాను.

పైవాళ్ళకి ఆ అంకె చూపించి ధైర్యం చెప్పకు అత్తా. దాని మీద ఇల్లు కొనుక్కునేంత బలం దానికి లేదు.

పిచ్చుక

మార్చి 1

పిచ్చుకా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి కూడా వచ్చింది.

ముసుగు చూసి నేను మంచినీళ్ళిచ్చానంటావా? దాహంతో వచ్చిన పిల్లకి నీళ్ళివ్వడం కూడా మీ లెక్కలో తేడా చేస్తుందా? ముప్పై ఏళ్ళు వార్డుల్లో తిరిగాను, ఎవరి ఒంట్లోంచి ఏ రక్తం కారిందో చూసి కట్టు కట్టలేదు. చిన్నప్పటి నుంచీ నీది ఇదే వరస. క్లాసులో ఫస్టు వచ్చినా, టీచరు కూడిక తప్పు చేసిందేమోనని ఏడుస్తూ ఇంటికొచ్చేదానివి.

నువ్వు చెప్పింది కళ్ళద్దాలాయనకి చెప్పలేదు. చెప్పే వేళ అప్పటికే దాటిపోయింది. ఊరికి అటువైపు, వాళ్ళవాళ్ళు ఎక్కువగా ఉండేచోట, ఆయన భార్య అన్నగారింటి పక్కనే వాళ్ళకి ఒక ఇల్లు కుదిరింది. కింది అంతస్తు, పెద్దాయన కుర్చీ వీధిలోకి తోసుకుపోవచ్చు. దాన్ని వదులుకున్నాడు. దుకాణం ఇక్కడికే దగ్గర, నాన్నకి ఈ బాల్కనీ అలవాటైంది, పైగా ఇంతమంది మనల్ని కావాలనుకుంటుంటే ఎందుకు పోవాలమ్మా అన్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషి దగ్గర కూర్చుని, నాయనా, అది నిజం కాకపోవచ్చట అని ఏ నోటితో చెప్పను?

మా బిల్డింగులో ఫ్లాటు చేతులు మారాలంటే మిగతా ఓనర్లలో సగానికి పైగా ఒప్పుకోవాలని ఒక రూలుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. ప్రెసిడెంటు గారు టీ తాగడానికొచ్చి, నాకేం లేదు, మీకు తెలుసుగా, మిగతావాళ్ళ సంగతే ఆలోచిస్తున్నా అన్నారు. కింద ఉండే పళ్ళ డాక్టరూ అదే మాట అన్నాడు. స్కూలు టీచరమ్మ మెట్ల మీద ఆపి మరీ అదే చెప్పింది. చూశావా, అందరూ మంచివాళ్ళే. ఒకరిని చూసి ఒకరు భయపడుతున్నారు, అంతే. ఎవరికీ మొహమాటం లేకుండా చీటీలు రాయిద్దామనుకున్నారు.

వెళ్తూ వెళ్తూ ప్రెసిడెంటు గారు, ఒక ఇల్లు వాళ్ళకిస్తే రేపు మన ఇళ్ళు కొనేవాడు ధర తగ్గిస్తాడు, మీకున్నది ఇదొక్కటే, అదీ మీ మేనకోడలికి ఇవ్వాల్సింది, ఆలోచించుకోండి అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఉత్తరం రాయి.

అత్త

మార్చి 8

అత్తా,

నిన్ను అబద్ధాలకోరువని నేను అనలేదు. జనాన్ని అన్నాను. నువ్వు జనంలో లేవని నాకెప్పుడూ అనిపిస్తుంది, అందుకే అలా రాసేశాను.

ఇది త్వరగా చేరాలని పొట్టిగా రాస్తున్నాను. చీటీలు వద్దని చెప్పు. చేతులెత్తమను. జనం మొహాలు చూసుకునేటప్పుడు కాస్త సిగ్గుపడతారు, ఆ సిగ్గు వాళ్ళకి పనికొస్తుంది. చీటీ మీద నిజం రాస్తారు. నా భయం అదే. నువ్వు అందరికంటే ముందు లేచి, నేను ఒప్పుకుంటున్నాను అను. నీ తరవాత ఇంకొకరు లేస్తారు. అందరూ మొదటి మనిషి కోసమే చూస్తుంటారు.

వదులుకున్న ఇల్లు ఇంకా ఖాళీగా ఉందేమో కనుక్కోమని ఆయనకి చెప్పు. నా మాటగా చెప్పు, సర్వే చేసిన మనిషి చెప్పిందని చెప్పు. ఇల్లు నాకివ్వాలన్న ఆలోచన మీద ఇందులో ఏదీ తేల్చుకోకు. నాకు నువ్వుంటే చాలు.

పిచ్చుక

మార్చి 21

పిచ్చుకా,

నీ ఉత్తరం మీటింగు రోజు పొద్దున అందింది. మీటింగు అయిపోయింది. పని కాలేదు.

కింద కార్లు పెట్టుకునే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అద్దెకున్నవాళ్ళు రాకూడదని కళ్ళద్దాలాయనని పిలవలేదు. అమ్మే ఓనరు వచ్చాడు గానీ అతనికి ఓటు లేదు. లేచి మాట్లాడదామనే వెళ్ళాను. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, నా చెవిలో మిషను కుయ్యిమంటోంది, ఎక్కడ అందుకోవాలో తెలియలేదు. ఈలోగా చీటీ చేతికొచ్చింది. ప్రెసిడెంటు గారూ ఓనరూ పక్కకెళ్ళి లెక్కపెట్టుకున్నారు. మెజారిటీ రాలేదు అని మాత్రం చెప్పి, చీటీలు చింపి బుట్టలో వేశారు. ఎన్ని పడ్డాయని ఎవరూ అడగలేదు. పళ్ళ డాక్టరు మోటారు రిపేరు సంగతి ఎత్తాడు.

నేను సరే అనే రాశాను. నీకు వేరే చెప్పాలా.

మర్నాడు పైకి వెళ్ళాను. నేను ఎక్కుతుంటే పళ్ళ డాక్టరు దిగుతున్నాడు. నేను కూర్చున్నాక టీచరమ్మ వచ్చింది. పరామర్శకి వచ్చినట్టు ఒకరి తరవాత ఒకరు వస్తూనే ఉన్నారు. నేను మీకే వేశానమ్మా అని ఆ అమ్మాయితో అన్నాను. తెలుసమ్మా అంది. నా మణికట్టు ఇంకా నొప్పిగా ఉందా అని అడిగింది.

వాళ్ళు వదులుకున్న ఆ ఇల్లు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. అటువైపే మూడో అంతస్తులో ఇంకోటి దొరికింది. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, బాల్కనీ లేదు. మూడు రోజుల కిందట సామాను ఎక్కించారు. పెద్దాయనని కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టులో దించారు. ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు. నాకు అందలేదు. నీళ్ళు అంటున్నారేమోనని తెచ్చిచ్చాను. తాగలేదు. మళ్ళీ అదే అన్నారు, ఈలోగా వ్యాను వచ్చేసింది.

రోజూ పొద్దున్నే బీపీ మిషను తీసుకుని బయల్దేరుతున్నాను. తలుపు దగ్గరికొచ్చాక గుర్తొస్తోంది.

అత్త

ఏప్రిల్ 12

అత్తా,

కళ్ళద్దాలాయన నిన్న మా ఆఫీసుకి వచ్చారు. అద్దాలు, ఫ్రేములు కొనడానికి ఈ ఊరికొచ్చి, చిరునామా వెతుక్కుని వచ్చారట. నువ్వు నా గురించి ఎంత చెప్పావో, నన్ను చూడగానే గుర్తుపట్టారు.

గొడవ పెట్టుకోవడానికి వచ్చారనుకున్నాను. కాదు. చాలా మర్యాదగా కూర్చున్నారు. మా ప్రశ్నలు ఎలా ఉంటాయో అడిగారు, చూపించాను. నేను నీకు రాసినదంతా ఆయనకి కూడా చెప్పాను, ముసుగు అమ్మాయి సంగతి, జ్వరం వచ్చిన అబ్బాయి సంగతి. అంతా విని, ఇది ముందే తెలుసా అమ్మాయిగారూ అన్నారు. తెలుసన్నాను. ఈ మాట మాకెవరూ చెప్పలేదే అన్నారు. నీకు రాశానని చెప్పలేకపోయాను.

ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"నూటికి ఎనభై నాలుగంటే మా బిల్డింగులో ఉన్న పది ఓట్లలో కనీసం ఎనిమిదైనా వస్తాయనుకున్నా. రెండు తగ్గినా ఫరవాలేదనుకున్నా. ఒక్కటీ పడలేదు."

ఒకటి పడింది, మా అత్తది, అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆయన టేబులు మీది కాగితాలు సర్దారు, అవి నా కాగితాలు. తరవాత అన్నారు, "చీటీలు మా ఓనరు స్వయంగా లెక్కపెట్టాడమ్మాయిగారూ. ఒక్కటీ లేదు. మర్నాడు మాత్రం అందరూ వచ్చి నేను మీకే వేశాను అని చెప్పారు."

మీ అత్తగారు కూడా, అని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

ఓనరు అబద్ధం చెప్పి ఉండొచ్చు. లెక్క తప్పి ఉండొచ్చు. రాత్రంతా అదే అనుకున్నాను. అతనికి వచ్చే లాభమేమిటో తోచలేదు. అందుకే నిన్నే అడుగుతున్నాను. చీటీ మీద ఏం రాశావు?

పిచ్చుక

మే 3

అత్తా,

జవాబు రాలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. మీ బిల్డింగులో ఇస్త్రీ బట్టలు తీసుకెళ్ళే అతన్ని ఫోనులో పట్టుకుని కనుక్కున్నాను, బాగానే ఉన్నావని చెప్పాడు.

అడిగిన తీరు బాగాలేదేమో. పరాయి మనిషి ఇంటికెళ్ళి అడిగినట్టు అడిగాను. నీ మీద తీర్పు చెప్పే మొహం నాకు లేదు. ఆ అంకె నిలబడదని తెలిసి కూడా దాని కింద సంతకం పెట్టినదాన్ని. పేపర్లో పడ్డ రోజు ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను.

ఇళ్ళ సర్వే మళ్ళీ చేద్దామని, ఈసారి ఎవరిని పంపితే ఎలాంటి జవాబు వచ్చిందో కూడా అచ్చువేద్దామని డైరెక్టరు గారికి కాగితం పెట్టాను. నన్ను సబ్బుల సర్వేకి మార్చారు. సబ్బు గురించి జనం దాపరికం లేకుండా చెబుతున్నారు. ఏ వాసన ఇష్టం, ఎన్నాళ్ళొస్తుంది, అన్నీ చెబుతున్నారు. మనసుకి హాయిగా ఉండాల్సింది. లేదు.

ఏదైనా రాయి. తిట్టయినా సరే.

పిచ్చుక

మే 20

పిచ్చుకా,

కాదు అని రాశాను.

రాసేముందు ఆలోచించలేదని చెప్పను. నీ ఉత్తరం జాకెట్లోనే ఉంది. మొదట లేచి నిలబడమన్నావు. లేద్దామని కుర్చీ చేతుల మీద చేతులు పెట్టాను. చుట్టూ చూశాను. మోకాలు నొప్పెడితే మందు తెచ్చిచ్చే పళ్ళ డాక్టరు, కరెంటు బిల్లు కట్టిపెట్టే ప్రెసిడెంటు గారు, పండ్లు కొనుక్కొచ్చే టీచరమ్మ. ఈ మనుషుల మధ్యే నేను మంచాన పడాలి. లేవలేకపోయాను.

చీటీ వచ్చాక మీ అంకె గుర్తొచ్చింది. ఎలాగూ చాలామంది సరే అంటారు, ఇల్లు వాళ్ళకి వచ్చేస్తుంది, నేనొక్కదాన్ని కాదన్నందువల్ల ఎవరికీ పోయేది లేదు, నీ ఇంటి ధర సంగతి కూడా నేను చూసుకున్నట్టుంటుంది, అనుకున్నాను. నువ్వు దాన్ని నమ్మొద్దని అంత చెప్పినా, అవసరం వచ్చినప్పుడు దాన్నే నమ్మాను. మిగతావాళ్ళు కూడా నాలాగే అనుకున్నారో, ఏమీ అనుకోకుండానే రాశారో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. అడిగితే ఏం చెబుతారో తెలుసు.

పైకి వెళ్ళి మీకే వేశానన్నప్పుడు అబద్ధం చెబుతున్నట్టనిపించలేదు. ఆ అమ్మాయి నావైపు చూస్తూ ఉంటే నోట్లోంచి అదే వచ్చింది. నీకు రాసేటప్పుడు మాత్రం తెలిసే రాశాను.

ఇల్లు నీకే. తీసుకుంటావో లేదో నీ ఇష్టం.

జవాబు రాయకపోవడానికి ఇంకో కారణం ఉంది. పెద్దాయన పోయారు. కళ్ళద్దాల దుకాణం మూసి ఉంటే పక్కన తాళాలు చేసే అతన్ని అడిగాను, అతను చెప్పాడు. కొత్త ఇంట్లోకి వెళ్ళాక ఆయన ఒక్కసారి కూడా కిందకి దిగలేదట. దించడానికి నలుగురు కావాలి, ఆ మెట్ల మీద నలుగురు పట్టరు. వెనక కిటికీ తీస్తే పక్కింటి గోడ. తిండి తగ్గించేశారు, చివర్లో మాత్రలు కూడా ఉమ్మేసేవారట.

మా బిల్డింగు నుంచి ఎవరైనా వెళ్తారేమో, వాళ్ళతో కలిసి వెళ్దామని చూశాను. ఎవరూ వెళ్ళలేదు. వాళ్ళ ఇల్లు ఎక్కడో తెలియదన్నారు. నేనొక్కదాన్నే వెళ్ళాను.

ఆ మెట్లు రెండుచోట్ల ఆగి ఎక్కాను. తలుపు తీసే ఉంది. కళ్ళద్దాలాయన లేచి కుర్చీ జరిపాడు, పలకరించాడు, లోపలికి వెళ్ళిపోయాడు. మంచం ఇంకా అక్కడే ఉంది, పరుపు చుట్టి పెట్టారు. ఆ అమ్మాయి సన్నబడింది. నాకు వినపడాలని నా పక్కకి వచ్చి కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"రోజూ ఒకటే అడిగేవారమ్మా, ఒక్కళ్ళు కూడా మనవైపు లేరా అని. ఎలా చెప్పను? ఒకటి పడిందని చెప్పాను. ఎవరిదని అడిగారు. మీదని చెప్పాను."

నేను నేలవైపు చూస్తున్నాను.

"ఆ తరవాత అడగడం మానేశారు. మీరు వస్తే థాంక్స్ చెప్పమన్నారు. చెప్పమన్నారు గనుక చెబుతున్నాను."

ఆ గొంతులో కోపం లేదు పిచ్చుకా. ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను, అదీ లేదు. నిజం ఆ అమ్మాయికి తెలుసు, తనకి తెలుసని నాకు తెలుసు. నాది కాదమ్మా అందామని నోరు తెరిచాను. ఆయన నమ్మి పోయింది అదొక్కటే కదా, ఆ మంచం పక్కన కూర్చుని అది కూడా లాగేసుకోనా అనిపించింది. నిజం చెప్పకుండా ఉండటానికి అదొక సాకు కూడానేమో. నాకు తేలలేదు.

మంచి మనిషి అన్నాను. ఔనమ్మా అంది. మెట్ల దాకా వచ్చి, నా చెయ్యి తీసి గోడ పక్కనున్న కమ్మీ మీద పెట్టింది.

అత్త